నోటి మూలల పగుళ్లు, మాస్టర్ తెరిచిన రీడు

ఆ రోజు నేను చేసిన తప్పల్లా ఆవలించడం. పుష్యమాసపు చలి, పొద్దున్నే డ్యూటీ. మాదాపూర్‌లో కొత్తగా కడుతున్న ఒక ఆఫీసు బిల్డింగు గేటు దగ్గర సెక్యూరిటీ గార్డుగా నిలబడి ఉన్నాను. కంకర లారీ ఒకటి వెనక్కి వస్తోంది, దానికి విజిల్ వెయ్యాలి. విజిల్ నోట్లో పెట్టుకునే ముందు ఒళ్ళు విరుచుకుని నోరారా ఆవలించాను. కుడివైపు, పై పెదవీ కింది పెదవీ కలిసే మూల చురుక్కుమంది. వేలు పెట్టి చూసుకుంటే సన్నటి నెత్తురు జీర. చలికాలం కదా, పెదవి పగిలిందిలే అనుకున్నాను. నాలికతో ఆ మూలను తడుపుకుని లారీని లోపలికి పంపించాను.

అవి తొంభైల చివరి రోజులు. మా గేటుకు కొంచెం అవతల గుండ్రటి అద్దాల బిల్డింగు కొత్తగా లేచి మెరుస్తుండేది. దాని చుట్టూ మాత్రం ఇంకా బండలు, తుమ్మచెట్లు, ఎర్రదుమ్ము. మాది పాలమూరు వైపు పల్లె. నేనూ నా భార్య లక్ష్మీ ఖాజాగూడలో ఒక రేకుల ఇంట్లో కిరాయికి ఉండేవాళ్ళం. ఆమె ఆ అద్దాల బిల్డింగులో హౌస్‌కీపింగ్ పని చేసేది. నేను మామూలు రోజుల్లో గార్డును, ముహూర్తాలున్న రోజుల్లో సెలవు పెట్టి పెళ్ళి బ్యాండులో క్లారినెట్ వాయించేవాణ్ణి. ఎవరైనా ఏం పనిచేస్తావని అడిగితే క్లారినెట్ వాయిస్తానని మాత్రమే చెప్పేవాణ్ణి. గేటు సంగతి లక్ష్మి చెప్పేది.

మా బ్యాండు మాస్టర్ జహంగీర్ సాబ్. అప్పటికే అరవై దాటిన మనిషి. గోరింటాకు పెట్టిన ఎర్రటి గడ్డం, పెదవుల్ని కప్పేసే గుబురు మీసం. నేను ఇరవయ్యేళ్ళప్పుడు తాపీమేస్త్రీల దగ్గర ఇటుకలు మోసేవాణ్ణి. ఒకరోజు ఆయన బ్యాండు వెంట పడి నడుస్తూ పని సంగతే మరచిపోయాను. ఊరేగింపు అయిపోయాక ఆయన వెనక్కి తిరిగి, "ఏం కొడుకా, గంత దూరం నడిచినవ్, నేర్చుకుంటవా?" అని అడిగారు. నాకు సరిగమలు చదవడం ఈ రోజుకీ రాదు. ఆయన వేళ్ళు చూసి నేర్చుకున్నదే నా చదువంతా.

ఇక్కడ రీడు గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ జబ్బు కథలో అదే ముఖ్యం. క్లారినెట్ మూతికి రెల్లుతో చేసిన పలుచని ముక్క ఒకటి బిగిస్తారు. దాన్నే రీడు అంటాం. అది తడిగా ఉంటేనే పలుకుతుంది కాబట్టి ముందు కాసేపు నోట్లో పెట్టుకుని నానబెట్టాలి. కొత్త రీడు మొండిగా ఉంటుంది, కీచుమంటుంది. అందుకని మా బ్యాండులో ఒక పద్ధతి ఉండేది. కొత్త రీడును ముందు మాస్టర్ నాలుగైదు రోజులు తానే వాయించి, మెత్తబరిచి, ఆ తర్వాత నాకు ఇచ్చేవారు. దాన్ని 'రీడు తెరవడం' అనేవారు. తన క్లారినెట్ నుంచి విప్పి, ఆ తడి తడిగానే నా అరచేతిలో పెట్టేవారు. నేను కళ్ళకద్దుకుని నోట్లో పెట్టుకునేవాణ్ణి. కడిగితే దాని గొంతు పోతుందని మా అందరి నమ్మకం. మాస్టర్ తెరిచిన రీడు దొరకడమంటే మాకు ప్రసాదం దొరికినట్టే.

ఆ ఏడాది ఎండాకాలం పెళ్ళిళ్ళయ్యాక బ్యాండు మానేస్తానని మాస్టర్ అప్పటికే అన్నారు. ఊపిరి చాలట్లేదట. ఆఖరి పెళ్ళి వైశాఖంలో, పుప్పాలగూడలో ఒక ఇంట్లో. మాస్టర్ తన జీవితంలో మొట్టమొదట వాయించిన పెళ్ళి ఆ ఇంట్లోదే, ఇప్పుడు ఆనాటి పెళ్ళికూతురి మనవరాలి పెళ్ళి. బ్యాండు వాళ్ళందరి ముందూ నా భుజం మీద చెయ్యి వేసి చెప్పారు. "ఆ ఇంట్ల జోడు క్లారినెట్. శంకరయ్య, నేను. వీడు పక్కకు లేకుంటే నేను గూడ క్లారినెట్ పెట్టె తెరువ." ఆ మాటకు నాకు గేటు దగ్గర నిలబడినా కాళ్ళు నేలమీద ఆనలేదు. ఇరవై ఏళ్ళుగా ఆయన వెనక వరసలో నిలబడ్డవాణ్ణి, పక్కన నిలబడతానంటే ఎలా ఉంటుంది.

అప్పుడు మొదలైందండీ ఈ మూతి గోల. వారం తిరిగేసరికి రెండో వైపు కూడా పగిలింది. పొద్దున లేవగానే రెండు మూలలూ తెల్లటి పొర కట్టి అతుక్కుని ఉండేవి. నోరు తెరిస్తే మళ్ళీ చీలేవి. ముద్ద పెట్టుకోవాలంటే మూతిని చేపలా ముందుకు పొడుచుకుని చిన్న చిన్న ముద్దలు లోపలికి తోసుకోవాలి. మిరపకాయ బజ్జీ సంగతి సరేసరి, దాన్ని దూరం నుంచి చూసినా మండేది. అన్నిటికన్నా కష్టం నవ్వు. నాకు నవ్వు తొందరగా వస్తుంది, లక్ష్మికి నవ్వించడం బాగా వచ్చు. ఆమె ఏదో ఒకటి అనేది, నేను రెండు చేతులతో రెండు మూలలూ పట్టుకుని నవ్వేవాణ్ణి.

మందులు మాత్రం నలుగురూ నాలుగు చెప్పారు. వేడి చేసిందని ఒకరు సబ్జా నీళ్ళు తాగించారు. లక్ష్మి నెయ్యి రాసింది, తర్వాత తేనె రాసింది, ఆ తర్వాత పసుపు పెట్టింది. పసుపు పెట్టిన రోజు గేటు దగ్గరికి వచ్చిన ఇంజనీరు, ఆయన కోస్తా వైపు మనిషి, నన్ను ఎగాదిగా చూసి, "ఏంటి శంకరయ్యా, పొద్దున్నే ముద్దపప్పు లాగించినట్టున్నావ్, మూతి కడుక్కోలేదా?" అన్నాడు. నవ్వొచ్చి మళ్ళీ చీలింది.

మాఘమాసంలో మొదటి పెళ్ళి కోకాపేటలో. అప్పుడు అది ద్రాక్షతోటల మధ్య చిన్న ఊరు. క్లారినెట్ వాయించాలంటే నోటి రెండు మూలలూ బిగించి పట్టాలి, లేకపోతే గాలి పక్కలకు పోతుంది. బిగిస్తే ప్రాణం పోయేట్టు ఉంది, వదిలితే పాట పోతోంది. రెండో పాటకు రీడు మీద నెత్తురు కనబడింది. మాస్టర్ చూశారు. నా క్లారినెట్ తీసుకుని పెట్టెలో పెట్టి, వెనక వరసలో పెద్ద తాళాలు కొట్టేవాడితో నాకు తాళాలు ఇప్పించారు. తాళాలు కొట్టడం తేలికనుకునేవాళ్ళు ఒకసారి కొట్టి చూడండి. నా మనసంతా క్లారినెట్ మీద ఉండేసరికి తాళం నా ఇష్టం వచ్చిన చోట పడింది. గుర్రం మీద ఉన్న పెళ్ళికొడుకు రెండుసార్లు ఉలిక్కిపడ్డాడు, గుర్రం మూడుసార్లు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాను. లక్ష్మి నా ముందు కూర్చుని మూతి పట్టుకుని వెలుతురు వైపు తిప్పి చూసింది.

"ఏమయ్యా, నెల దాటిపాయె. ఇంక నెయ్యి రాసుకుంట కూసుంటవా? వైశాఖం ఎంతో దూరం లేదు. దవాఖానకు పోదాం నడువు."

"మూతి పగిలిందని దవాఖానకు పోతరా? నవ్వుతరు."

"నవ్వనియ్యి. నువ్వు గూడ నవ్వాలంటె పోవాలె గద."

మాదాపూర్ ఊళ్ళో ఒక చిన్న క్లినిక్. చర్మం డాక్టరమ్మ, గోదావరి జిల్లా మనిషి. నోరు తెరవమని టార్చి వేసి చూసి, వేలికి తొడుగు వేసుకుని మూలల్ని నెమ్మదిగా లాగి చూసింది.

"దీన్ని యాంగ్యులర్ కైలైటిస్ అంటారండి. మరీ భయపడాల్సింది కాదు. నోటి మూలలో ఉమ్ము నిలుస్తుంది, చర్మం నానుతుంది, ఆరినప్పుడు పగులుతుంది. ఆ పగుల్లో ఫంగసో బ్యాక్టీరియానో చేరుతుంది. మీరు మంటకు నాలికతో తడుపుతారు, అది ఇంకా నానుతుంది. ఇప్పుడు నాతో మాట్లాడుతూనే ఆరుసార్లు నాకారు."

నేను ఏడోసారి నాకబోయి ఆగిపోయాను. లక్ష్మి కొంగు అడ్డం పెట్టుకుంది.

డాక్టరమ్మ ఇంకా చాలా అడిగింది. ఏం తింటారు, టీ ఎన్నిసార్లు తాగుతారు, చెప్పుల్లేకుండా తిరుగుతారా, ఆయాసం వస్తుందా, పళ్ళు సరిగ్గా ఉన్నాయా అని. కింది రెప్ప లాగి చూసి పాలిపోయిందంది. రక్తపరీక్ష, షుగర్ పరీక్ష, విరేచనం పరీక్ష రాసింది. దూదిపుల్లతో పుండు మీద రుద్ది స్వాబ్ తీసింది. ఆఖరున అడిగింది, "మీరు బ్యాండులో వాయిస్తానన్నారు కదా. నోట్లో పెట్టుకునే ఆ సామాను ఇంకెవరైనా నోట్లో పెట్టుకుంటారా?"

"లేదమ్మా, నాది నాకే," అన్నాను.

అబద్ధం. ఎందుకు చెప్పానంటే, మాస్టర్ ఎంగిలి గురించి ఒక డాక్టరు ముందు మాట్లాడటం నాకు ఆయన్ని అవమానించినట్టు అనిపించింది. అదీగాక ప్రసాదం వల్ల జబ్బు వస్తుందని ఎవరనుకుంటారు. ఆ ఒక్క ముక్కతో నేను రెండు నెలలు పోగొట్టుకున్నాను.

రిపోర్టులు వచ్చాయి. షుగర్ లేదు. హిమోగ్లోబిన్ తొమ్మిది. కడుపులో పురుగులున్నాయి. "ఐరన్ డెఫిషియన్సీ అండి. అది ఉంటే నోటి మూలలు త్వరగా పగులుతాయి, మానడం ఆలస్యమవుతుంది. స్వాబ్‌లో క్యాండిడా అనే ఫంగస్ వచ్చింది," అంది డాక్టరమ్మ. పురుగుల మందు, ఐరన్ మాత్రలు, బి కాంప్లెక్స్, పూటపూటకూ మూలల్లో రాసుకోవడానికి యాంటీ ఫంగల్ ఆయింట్‌మెంట్ ఇచ్చింది. పడుకునే ముందు పెట్రోలియం జెల్లీ పలచగా పుయ్యమంది. మాత్ర వేసుకున్న గంట దాకా టీ తాగొద్దని గట్టిగా చెప్పింది. గార్డుకు టీ తాగొద్దంటే ఎలాగమ్మా అంటే, "గేటు టీ తాగకపోయినా తెరుచుకుంటుందండి," అంది.

ఇక లక్ష్మి రాజ్యం మొదలైంది. తోటకూర, గుడ్డు, పల్లీలూ బెల్లమూ. నాలికతో పెదవి తడిపిన ప్రతిసారీ ట్యాంకరు దగ్గరికి వెళ్ళి ఒక బిందె నీళ్ళు తేవాలని షరతు పెట్టింది. మొదటి వారం మా ఇంట్లో గిన్నెలు, చెంబులు కూడా నిండిపోయాయి, పక్కింటి వాళ్ళకు కూడా నీళ్ళు పోశాం. ఐరన్ మాత్రలకు విరేచనం నల్లగా వస్తుందని డాక్టరమ్మ చెప్పింది కానీ నేను విననట్టున్నాను. ఒక పొద్దున నేను పోతున్నానని చెప్పి లక్ష్మి చేతులు పట్టుకున్నాను. ఆమె విషయం కనుక్కుని, నన్ను డ్యూటీకి పంపించింది.

పది రోజులకు పుండ్లు ఎండాయి. పదిహేను రోజులకు నోరు పూర్తిగా తెరవగలిగాను. ఆ రోజు నేను గేటు ఎదురు బండి దగ్గర మిరపకాయ బజ్జీని తుంచకుండా, ఒకే పట్టులో నోట్లో పెట్టుకున్నాను. ఆ సుఖం అనుభవించినవాడికే తెలుస్తుంది. ఆ సాయంత్రమే మాస్టర్ ఇంటికి వెళ్ళి నా క్లారినెట్ అడిగాను. ఆయన సంబరపడి, నా కోసం కొత్తగా తెరిచిన రీడు తన పెట్టెలోంచి తీసి అరచేతిలో పెట్టారు. కళ్ళకద్దుకున్నాను.

ఐదో రోజుకు మళ్ళీ చురుక్కుమంది.

ఈసారి మొదటిసారి కన్నా ఎక్కువ. పసుపుపచ్చని పొక్కులు కట్టాయి, గడ్డం దాకా ఎర్రబడింది. ఆయింట్‌మెంట్ రాస్తే తగ్గడం, రీడు పట్టగానే మళ్ళీ రావడం, ఇలా రెండుసార్లు జరిగింది. రెండోసారి పాత రీడు చెడిపోయిందేమోనని మాస్టర్‌ని ఇంకో రీడు తెరిచి ఇమ్మని నేనే అడిగాను, చూడండి నా తెలివి. మా గార్డుల గదిలో ఒకాయన మానని పుండు మంచిది కాదు, క్యాన్సర్ కావచ్చునని చెవిలో ఊదాడు. ఆ మాట నేను లక్ష్మికి చెప్పలేదు. గేటు దగ్గర కూర్చుని పుప్పాలగూడ పెళ్ళికి ఎన్ని వారాలుందో వేళ్ళ మీద లెక్కపెట్టుకునేవాణ్ణి. నిజం చెప్పాలంటే క్యాన్సర్ కన్నా ఆ వేళ్ళ లెక్కకే ఎక్కువ భయపడ్డాను. నేను పక్కన లేకపోతే మాస్టర్ పెట్టె తెరవరు. ఆయన అన్నారంటే అంతే.

మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. సిగ్గు విడిచి క్యాన్సర్ సంగతి అడిగేశాను. ఆవిడ నవ్వలేదు. "ఇది మందుకు పూర్తిగా తగ్గి మళ్ళీ వస్తోందండి. క్యాన్సర్ అలా వెళ్ళి రాదు. అయినా ఈసారి మానకపోతే ముక్క తీసి పరీక్షకు పంపిద్దాం, అనుమానం ఉండకూడదు. ముందు నాకు ఒక్క పని చేసి పెట్టండి. రేపు వచ్చేటప్పుడు మీరు రోజూ నోట్లో పెట్టుకునేవన్నీ పట్టుకురండి. ఒక్కటి వదలకుండా."

మర్నాడు నా మూట విప్పి ఆవిడ బల్ల మీద, కాగితం పరిచి, ఒక్కొక్కటే పెట్టాను. పళ్ళు తోముకునే బ్రష్షు. విజిల్. టీ గ్లాసు. పళ్ళ సందులు కుట్టుకునే పిన్నీసు. దాన్ని చూసి ఆవిడ కళ్ళు మూసుకుంది. చివరగా రీడు, ఐదు రోజుల కిందట పెట్టిన కొత్తదేనని చెప్పాను. ఆవిడ దాన్ని పటకారుతో ఎత్తి కిటికీ వెలుతురులో చూసింది. అంచంతా నల్లటి మచ్చలు.

"దీన్ని ఎప్పుడు కడిగారండి?"

"కడగకూడదమ్మా."

"ఇది కొత్తదన్నారు. ఐదు రోజుల్లో ఇలా ఎలా అయింది?"

నేను తల దించుకున్నాను. నా పక్కన కుర్చీలో కూర్చున్న లక్ష్మి చెప్పేసింది. "వాళ్ళ మాస్టర్ ముందుగాల వాయించి ఇస్తడు డాక్టరమ్మా. ఆయన నోట్లకెల్లి తీసి గీయన నోట్ల పెట్టుకుంటడు."

డాక్టరమ్మ కుర్చీలో వెనక్కి వాలింది. కోప్పడుతుందనుకున్నాను. "శంకరయ్య గారూ," అంది నెమ్మదిగా, "ఈ జబ్బు ఒకరి నుంచి ఒకరికి ఊరికే అంటుకునేది కాదు. కానీ మీ నోటి మూలలు ముందే పగిలి ఉన్నాయి, రక్తం తక్కువుంది, రోజూ అదే తడి రీడు అక్కడే ఒత్తుకుంటోంది. మందుతో పోయింది దీంతో మళ్ళీ వస్తోంది. మీ మాస్టర్ గారిని ఒకసారి తీసుకురండి. ఆయన నోరు చూడాలి."

ఈ జబ్బంతటిలో నాకు కష్టమైన రోజు ఆ మర్నాడే. నేనూ లక్ష్మీ వెళ్ళేసరికి మాస్టర్ వాకిట్లో మంచం మీద కూర్చుని క్లారినెట్ తుడుచుకుంటున్నారు. నేను వాతావరణం గురించి మాట్లాడాను. పుప్పాలగూడ పెళ్ళి గురించి మాట్లాడాను. ఖాజాగూడ చెరువులో నీళ్ళు తగ్గాయన్నాను. మాస్టర్ తలెత్తి, "ఏందిరా, చెరువు గురించి చెప్పనీకి వచ్చినవా?" అన్నారు. మళ్ళీ లక్ష్మే ముందుకు వచ్చింది.

"మాస్టర్ సాబ్, కోపానికి రాకుండ్రి. మీరు తెరిచిన రీడు పెట్టుకుంటెనే గీయన మూతి మళ్ళ మళ్ళ పలుగుతున్నదట. డాక్టరమ్మ చెప్పింది."

మాస్టర్ చేతిలో గుడ్డ ఆగింది. క్లారినెట్ పక్కన పెట్టి, రెండు చేతులతో మీసాన్ని ఇటూ అటూ పైకి ఎత్తి మాకు చూపించారు. రెండు మూలలూ లోతుగా పగిలి ఉన్నాయి, తెల్లగా నాని, అచ్చం నావే.

"రెండేండ్ల సంది ఉన్నది బిడ్డా," అన్నారు లక్ష్మితో. "ముసలోని నోరు గిట్లనే ఉంటదనుకున్న. మీసం పెంచిన, ఎవ్వరికి కనబడకుండ." నా వైపు తిరిగారు. "అరే శంకర్. నేను నీకు గొంతు ఇస్తున్న అనుకున్న కొడుకా. గిది ఇచ్చిననా?"

ఆయన కళ్ళలో నీళ్ళు చూసి నాకూ ఆగలేదు. ఏడిస్తే కూడా మూలలు చీలుతాయని ఆ రోజు తెలిసింది. రెండేళ్ళుగా ఆయన ఆ నొప్పితో వాయించారు, ఒక్కరికీ చెప్పలేదు. లక్ష్మి మా ఇద్దరినీ చూసి, "ఇద్దరు కలిసి మంచిగ ఏడ్వుండ్రి, ఆయింట్‌మెంట్ ఒక్కటే డబ్బా సరిపోతది," అంది. మాస్టర్ నవ్వారు, మీసం పట్టుకుని.

డాక్టరమ్మ మాస్టర్ నోరు చూసి ఒక్క నిమిషంలో కారణం చెప్పింది. ఆయనది పెట్టుడు పళ్ళ సెట్టు. ఎన్నో ఏళ్ళ కిందట కట్టించుకున్నది, అరిగి పొట్టిదైపోయింది. "పళ్ళ ఎత్తు తగ్గేసరికి మీ దవడలు మరీ దగ్గరగా మూసుకుంటున్నాయండి. మూలల్లో ముడత పడి ఉమ్ము అక్కడే నిలుస్తోంది. సెట్టు పడుకునేటప్పుడు తీస్తారా?" అని అడిగింది. మాస్టర్ గర్వంగా, ఒక్కనాడు కూడా తియ్యలేదన్నారు. ఆవిడ నా పిన్నీసు చూసినప్పటిలాగే కళ్ళు మూసుకుంది. మా ఇద్దరికీ ఆయింట్‌మెంట్ రాసి, ఆయనకు చిగుళ్ళకు రాసుకునే మందు కూడా ఇచ్చి, పళ్ళ డాక్టరు దగ్గరికి చీటీ రాసింది. పాత రీడులన్నీ పారెయ్యమంది. విజిల్‌ని వేడి నీళ్ళూ సబ్బుతో కడగమంది. పిన్నీసు మాత్రం ఆవిడే తన చెత్తబుట్టలో వేసింది.

కొత్త సెట్టు వచ్చేదాకా మాస్టర్ రోజూ సాయంత్రం పళ్ళు తీసి కడిగి, గ్లాసు నీళ్ళలో వేసి, మంచం కింద పెట్టేవారు. మేం మూతుల మీద మందు పూసుకుని ఎదురెదురుగా కూర్చుని, వాయించకుండా వేళ్ళు మాత్రం ఆడిస్తూ జోడు పాటలు సాధన చేసేవాళ్ళం. చప్పుడు లేని ఆ కచేరీ చూడడానికి వాడకట్టు ఆడవాళ్ళు వచ్చి అరుగు మీద కూర్చునేవాళ్ళు. ఒకావిడ బాగుంది, ఇంకోటి వాయించమంది.

ఈసారి మానిన పుండు మళ్ళీ రాలేదు. మూడు వారాలకు నా మూలల్లో లేత గులాబీ రంగు చర్మం తప్ప ఏమీ లేదు. హిమోగ్లోబిన్ పదకొండు దాటింది. మాస్టర్‌వి మానడానికి ఇంకో వారం పట్టింది. కొత్త పళ్ళతో ఆయన ముఖం నిండుగా, పదేళ్ళు తగ్గినట్టు అయింది. మీసం కత్తిరించేశారు. నేను ఆయన పెదవుల్ని పూర్తిగా చూడటం అదే మొదటిసారి.

పెళ్ళి ఇంకా పది రోజులుందనగా నన్ను పిలిచారు. ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఉతికిన తెల్ల రుమాలు విప్పారు. అందులో కొత్త రీడు, పొడిగా, ఒక్క మరక లేకుండా.

"ఇగో. నేను నోట్ల పెట్టలే."

నేను రీడును అటూ ఇటూ తిప్పి చూశాను. "మీరు తెరవకుంటె పలుకుతదా మాస్టర్?"

"ఇన్నేండ్లు నీ రీడు నేనే తెరిచిన. గందుకే నువ్వు నా యెనకనే నిలబడ్డవ్. పక్కకు నిలబడాలంటె నీ రీడు నువ్వే తెరువాలె. జర కష్టమయితది. ఫికర్ జెయ్యకు, నేను ఈడనే కూసుంట."

గ్లాసు నీళ్ళలో నానబెట్టి బిగించాను. మొదటి రోజు అది కీచుమంది, ఉడుము అరిచినట్టో ఏమిటో, నేనెప్పుడూ ఉడుము అరుపు వినలేదు కానీ అలాగే ఉంటుందనిపించింది. మూడో రోజుకు ఒక్కో స్వరం దారికి వచ్చింది. వాయించడం అయిపోగానే విప్పి, నీళ్ళలో కడిగి, తుడిచి, గాలికి ఆరబెట్టేవాణ్ణి. గొంతు పోలేదు. ఏడో రోజు పొద్దున, డ్యూటీకి వెళ్ళే ముందు, అది ఎంత మెత్తగా పలికిందంటే నేనే ఆగి విన్నాను. అది మాస్టర్ గొంతు కాదు. నాది. నలభై ఒకటో ఏట తెలిసింది నాకూ ఒక గొంతుందని.

పుప్పాలగూడలో ఎదురుకోళ్ళ సాయంత్రం. పెళ్ళికొడుకు వాళ్ళు ఊరి మొదట్లో ఆగారు, పెళ్ళికూతురి వాళ్ళు బ్యాండుతో ఎదురు వెళ్ళారు. ముందు వరసలో ఎడమవైపు మాస్టర్, కుడివైపు నేను. తాళాలు అసలువాడి చేతికి తిరిగి వచ్చాయి, పెళ్ళికొడుకు ఎక్కిన గుర్రం కూడా ఆ సంగతి గమనించినట్టే నిమ్మళంగా నడిచింది. మాస్టర్ ఒక వరస వాయిస్తే దాన్ని అందుకుని నేను ఇంకో వరస. ఊపిరి చాలని చోట ఆయన ఆగితే నేను పట్టుకునేవాణ్ణి, నేను పట్టుకున్నానని తెలిసి ఆయన నెమ్మదిగా ఊపిరి తీసుకుని మళ్ళీ కలిసేవారు. రెండు గంటలు వాయించాం. నోటి మూలలు బిగించాను, వదిలాను, మళ్ళీ బిగించాను. ఒక్క చుక్క నెత్తురు లేదు. లక్ష్మి జనం పక్కనే నడుస్తూ నా మూతినే చూస్తోంది, పాట వింటోందో లేదో నాకు తెలియదు.

అయిపోయాక పెళ్ళికూతురి నాయనమ్మ, అదే మాస్టర్ మొదట వాయించిన పెళ్ళిలోని పెళ్ళికూతురు, పళ్ళెంలో లడ్డూలు పట్టుకుని వచ్చింది. పిడికెడంత లడ్డూలు. "నా పెండ్లిల నువ్వు పిల్లగానివి జహంగీరూ, ఏమన్న తినమంటె సిగ్గుపడ్డవ్. ఇగ ఇప్పుడన్న నోరు తెరువు," అని మాస్టర్ నోటి దగ్గర పెట్టింది. మాస్టర్ నా వైపు చూశారు. నేను ఆయన వైపు చూశాను. ఇద్దరం ఒకేసారి, డాక్టరమ్మ టార్చి వేసినప్పుడు తెరిచినంతగా నోళ్ళు తెరిచాం. లడ్డూలు నిండుగా పట్టాయి. అప్పుడు నవ్వొచ్చింది. ఆపుకోవడానికి అలవాటుగా చేతులు మూలల దగ్గరికి వెళ్ళాయి, అవసరం లేదని గుర్తొచ్చి కిందికి దించేశాం.

ఇదంతా జరిగి పాతికేళ్ళు దాటింది. పుప్పాలగూడలో ఆ ఇల్లున్న చోట ఇప్పుడు మెడ ఎత్తితే టోపీ జారిపడేంత ఎత్తు అపార్ట్‌మెంట్లు. నేను గార్డు పని మానేసి చాలాకాలమైంది. మాస్టర్ ఆ తర్వాత పదకొండేళ్ళు హాయిగా బతికి, కొత్త పళ్ళతో చెరుకు తప్ప అన్నీ తిన్నారు. ఆయన బ్యాండు నేను నడిపాను, ఇప్పుడు ఇంటి దగ్గరే నలుగురికి క్లారినెట్ నేర్పిస్తున్నాను. నోటి మూలలు చలికాలంలో ఎప్పుడైనా చురుక్కుమంటాయి. వెంటనే నాలిక లోపల పెట్టుకుని, జెల్లీ పూసుకుని, తోటకూర తెమ్మంటాను. లక్ష్మి నీళ్ళ బిందె చూపిస్తుంది. ఇప్పుడు ఇంట్లో నల్లా ఉన్నా బిందె మాత్రం అలాగే దాచింది.

మీకు నేను చెప్పగలిగింది ఒక్కటే. నోటి మూలల పగులు రెండు వారాల్లో మానకపోతే, మానినా మళ్ళీ మళ్ళీ వస్తుంటే, డాక్టరు దగ్గరికి వెళ్ళండి, వెళ్ళినప్పుడు మీ నోట్లోకి పోయే ప్రతి వస్తువు గురించీ నిజం చెప్పండి, అది ఎంత ప్రేమించిన మనిషి చేతి నుంచి వచ్చినదైనా సరే. నిజం చెబితే ఆ మనిషికి కూడా మేలు జరగవచ్చు. మీసం వెనక ఆయన రెండేళ్ళుగా ఏం దాచుకున్నాడో మీకేం తెలుసు.

నా దగ్గరికి కొత్తగా నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళకు మొదటి రోజు నేనొక రీడు ఇస్తాను. ఉతికిన తెల్ల రుమాలులో చుట్టి, పొడిగా. వాళ్ళు దాన్ని కళ్ళకద్దుకుంటారు, ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు, పోనివ్వను. మాస్టర్ గారూ, కొంచెం తెరిచి ఇవ్వండి అని అడుగుతారు. తెరవడం నీ పని, నేను ఇక్కడే కూర్చుంటాను అని చెప్పి, కూర్చుంటాను.